ముందురోజే నింపిన పేజీ

విచారణ కాగితంలో ఇలా ఉంది: తోలు తీసే కార్మికుడు చేతులకు గ్లవ్స్ లేకుండా పనిచేశాడు, కాబట్టి జబ్బు అతని అజాగ్రత్త వల్లే వచ్చింది. కింద సాక్షి సంతకం నాది. ఆ వాక్యంలో మొదటి సగం నిజం, రెండో సగం అబద్ధం. సంతకం పెడుతున్నప్పుడే నాకా సంగతి తెలుసు.

భిలాయిలో ఒక కబేళాలో పదకొండేళ్లు మాంసం తనిఖీ చేశాను. మా నాన్న విజయనగరం వైపు నుంచి ఉక్కు ప్లాంటు ఉద్యోగానికి వచ్చినవాడు. నేను సెక్టార్ క్వార్టర్లో పుట్టి, పశువైద్యంలో డిప్లొమా చేసి ఈ పనిలో చేరాను. కోతకు ముందు ప్రతి మేకనూ నడిపించి చూడాలి. కోశాక కాలేయం, ఊపిరితిత్తులు, గ్రంథులు చీల్చి చూడాలి. బాగుంటే తొడమీద ఊదారంగు ముద్ర వేయాలి. అనుమానం ఉంటే రిజిస్టర్లో రాసి, నమూనా తీసి ల్యాబుకు పంపాలి. నెలాఖరుకు ఆ రిజిస్టర్ నుంచే పై ఆఫీసుకు రిపోర్టు వెళ్తుంది. చుట్టుపక్కల ఏ ఊరి మందలో ఏ రోగం తిరుగుతోందో చాలాసార్లు కబేళాలోనే బయటపడుతుంది. బతికున్న మేకను డాక్టరుకు చూపించే రైతులు తక్కువ.

ఆదివారం వచ్చిందంటే ప్లాంటు ఊరంతా మాంసం వండుకుంటుంది. రాత్రి షిఫ్టు దిగినవాళ్లు ఇంటికి వెళ్లకుండా నేరుగా దుకాణం ముందు నిలబడతారు. ఆ రోజు మాకు ఊపిరాడదు. అందుకని ఆదివారం పేజీ శనివారం సాయంత్రమే నింపేసేవాణ్ని. రోగలక్షణాలు: నిల్. తిరస్కరించినవి: నిల్. నమూనాలు: నిల్. మేకల సంఖ్య ఒక్కటే ఖాళీగా ఉంచేవాణ్ని. నాకు ముందు ఆ కుర్చీలో ఉన్నాయన కూడా అలాగే చేసేవాడు. నేను చేరిన మొదటి వారమే అది నాకు నేర్పాడు. అది తప్పని నాకు ఒక్కరోజూ అనిపించలేదు. పెన్ను ఖాళీగా ఉన్నప్పుడు చేసుకునే పనిలా అనిపించేది.

తోలు తీసే అతను ఊరి చివర మరోదా వైపు బస్తీ నుంచి సైకిలు మీద వచ్చేవాడు. వెనక క్యారియర్ మీద భార్య. శ్రీకాకుళం నుంచి వచ్చి ప్లాంటులో ఠేకేదారు కింద కాంట్రాక్టు కూలీగా కొన్నేళ్లు చేసి, ఆ పని పోయాక ఇక్కడ చేరాడు. ఒక్క గాటు పడకుండా తోలు ఒలిచేవాడు. ఆమె పేగులు శుభ్రం చేసేది, మేకలను నిలిపే దొడ్డి కడిగేది. కబేళాలో తెలుగు మాట్లాడేది మేం ముగ్గురమే. ఇద్దరూ నన్ను తమ యాసలో బావూ అనేవాళ్లు, బాబూ అన్నట్టు. నేను కాలేయాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తుంటే అతను ఊరుకునేవాడు కాదు.

"ఏటి బావూ, మేకకి జాతకం సూస్తన్నావా? దానిది అయిపోనాది. నాది సూడు, పెమోసను ఎప్పుడొస్తాదో."

ఆమె నవ్వు ఆపుకుంటూ పేగుల తొట్టి మీదకు వంగేది.

వానలు తగ్గుతున్న రోజుల్లో ఒక ఆదివారం పొద్దున వ్యాపారి దించిన మందలో ఒక మేక దొడ్డిలోనే ఈసుకుపోయింది. నెలలు నిండని పిల్ల బురదలో పడి ఉంది. పక్కన మాయ, మందంగా, పాడైన పసుపురంగులో. అదే మందలో ఇంకో రెండు చూడి మేకలకు కూడా తోక కింద తడిగా ఉంది. ఇది నేను చదువుకున్న పాఠమే. మేకలు వరసగా ఈసుకుపోయే రోగం ఒకటుంది. అది మనిషికి అంటుకుంటుంది. ఆ మాయలో, ఆ నీళ్లలో ఆ క్రిములు కుప్పలుగా ఉంటాయి. మందను వేరు చేయాలి. నెత్తురు తీసి పంపాలి. కోత ఆపాలి. పిల్లనూ మాయనూ సున్నం చల్లి లోతుగా పూడ్చాలి.

లారీ కుదుపులకు అలా అయిందని వ్యాపారి హిందీలో చెప్పాడు. గేటు బయట దుకాణాల వాళ్లు మాంసం ఇంకా రాలేదని కేకలు పెడుతున్నారు. చేయాల్సింది చేయకుండా నన్ను ఆపింది ఇవేవీ కావు. ఆపింది బల్లమీద తెరిచి ఉన్న పేజీ. రోగలక్షణాలు నిల్ అని నా చేతిరాతలో అప్పటికే ఉంది. కొట్టేస్తే పక్కన కారణం రాయాలి, పై అధికారి సంతకం కావాలి. పొద్దున కోత మొదలవకముందే నిల్ అని ఎలా రాశావని ఆయన అడుగుతాడు. అడిగితే వెనక్కి తిప్పి మిగతా ఆదివారాలు కూడా చూస్తాడు.

పేజీ కొట్టేయలేదు. కోత ఆపలేదు.

అతన్ని పిలిచి ఆ పిల్లనూ మాయనూ తీసి పారేయమన్నాను. గ్లవ్స్ పెట్టె నా బీరువాలో తాళం వేసి ఉంది. తనిఖీకి ఎవరైనా వస్తే చూపించడానికి దాన్ని అలా దాచి ఉంచేవాణ్ని. అతను ఉత్తచేతులతో ఎత్తాడు. ఎడమ బొటనవేలికి కత్తి తెగిన చోట గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. నాకు కనబడింది. ఆమె చీపురుతో నేల కడిగింది. పది గంటలకల్లా ఆ మందంతా నా ముద్రలతో దుకాణాలకు వెళ్లిపోయింది.

మూడు వారాలకు అతనికి జ్వరం పట్టుకుంది. సాయంత్రానికి పెరిగేది, తెల్లారేసరికి చెమటకు పక్క తడిసిపోయేది. నాలుగు రోజులు పనికి వచ్చి నాలుగు రోజులు మానేవాడు. మలేరియా మందులు వాడారు, తర్వాత టైఫాయిడ్ మందులు. కీళ్లు, నడుము ఒకటే నొప్పి. తాగి పడుకుంటున్నాడని కబేళాలో అనుకున్నారు. అతను తాగడని తెలిసి కూడా నేను కాదనలేదు.

ఆ రోజుల్లోనే ఆసుపత్రి నుంచి ఒక కుర్ర డాక్టరు నాకు ఫోన్ చేశాడు. రోగి చేసే పని తెలుసుకుని నా నంబరు సంపాదించాడు. ఈ మధ్య మీ దగ్గరికొచ్చే మేకల్లో గర్భాలు పోవడం గానీ, అనుమానించదగ్గది గానీ ఏమైనా ఉందా అని హిందీలో మర్యాదగా అడిగాడు. రిజిస్టర్ నా ఎదుటే ఉంది.

"లేదు సార్. ఈ ఆరునెలల్లో అన్నీ నిల్" అన్నాను.

థాంక్యూ చెప్పి ఫోన్ పెట్టేశాడు. మేకల నుంచి వచ్చే ఆ రోగానికి నెత్తురు పరీక్ష రాయబోతూ నా మాట విని మానేశాడని తర్వాత తెలిసింది.

మరో మూడు నెలలు గడిచాయి. ఒకరోజు చూడ్డానికి వెళ్తే అతను మంచం మీద నుంచి లేవబోయి లేవలేకపోయాడు. కాళ్లు కదులుతున్నాయి, నడుము లేవడం లేదు. నన్ను నిలబెట్టి మాట్లాడుతున్నందుకు సిగ్గుపడ్డాడు. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాడు. ఆ సాయంత్రమే ఆ డాక్టరు దగ్గరికి వెళ్లి, ఈమధ్య ఒకటి రెండు మేకల్లో అనుమానం కనబడిందని చెప్పాను. ఆ ఆదివారం సంగతి చెప్పలేదు. ఆయన వెంటనే నెత్తురు తీయించాడు. అదే రోగం. మందులు మొదలుపెట్టాక జ్వరం నెమ్మదిగా దిగింది. కానీ రెండు వెన్నుపూసలు అప్పటికే దెబ్బతిన్నాయి. మళ్లీ తోలు ఒలిచే పని మాట దేవుడెరుగు, కూర్చోవడమే కష్టం అన్నాడు డాక్టరు.

పరిహారం కోసం ఆమె అర్జీ పెట్టుకుంటే విచారణ జరిగింది. కాగితం టైపు చేసి నా ముందు పెట్టారు. సంతకం పెట్టాను. ఆ వాక్యంతో అర్జీ కొట్టేశారు.

ఆ తర్వాత వెళ్లినప్పుడు అతనే నన్ను ఓదార్చాడు. "నాదే తప్పు బావూ. సేతికి దెబ్బున్నాది, సూసుకోనేదు. నీకు మాటొచ్చినాది నా వల్ల."

అది విన్నాక పది రోజులు తిరిగి తిరిగి, ఒక మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లి గుమ్మం దగ్గర నేలమీద కూర్చుని మొత్తం చెప్పాను. శనివారం నింపిన పేజీ, బీరువాలో గ్లవ్స్, డాక్టరుతో చెప్పిన అబద్ధం, సాక్షి సంతకం. ఆమె బియ్యం ఏరడం ఆపలేదు. అతను పైకప్పు రేకు వంక చూస్తూనే అడిగాడు.

"ఆ డాట్రు పోను సేసినప్పుడే సెప్పుంటే నడిసేవోణ్నా?"

నాకు తెలీదు అనవచ్చు. డాక్టర్లు కూడా అంత గట్టిగా చెప్పరు. కానీ నేను పుస్తకాలు తీసి చూసుకున్నాను.

"నడిచేవాడివి" అన్నాను.

అతను కళ్లు మూసుకున్నాడు. తిడతాడనుకున్నాను, తిట్టమని లోపల ప్రాధేయపడుతున్నాను. కళ్లు మూసుకునే అన్నాడు: "ఆ పొద్దు నేల కడిగినాది ఇదే గదా. దీనికీ సూపించాలా?"

ఇన్ని నెలల్లో నాకు ఆ ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు. ఆమె నాకేటీ నేదు అంది. అతను వినలేదు, దగ్గరికి పిలిచి నిలదీశాడు. అప్పుడు బయటపడింది. రెండు నెలలుగా సాయంత్రం జ్వరం, మోకాళ్ల నొప్పి. అతన్ని ఎత్తి తిప్పడం వల్ల వస్తున్న నొప్పులని అనుకుంది. తనూ పడుకుంటే అతనికి ఎవరూ ఉండరని చెప్పలేదు.

మర్నాడు పొద్దున నేనే ఆసుపత్రికి తీసుకెళ్లాను. నెత్తురు తీస్తున్నంతసేపూ ఆమె గోడవైపే చూసింది. ఆమెకూ అదే రోగమని రెండు రోజుల్లో తేలింది. వెన్ను దాకా పోలేదు, మందులతో తగ్గుతుందన్నారు. మందుల పొట్లం అందుకుని ఆసుపత్రి మెట్లమీద ఆమె, నేను నిజం చెప్పాక మొదటిసారి, నాతో మాట్లాడింది.

"మాయింటికి ఇంక రాకు బావూ. నీ మొకం సూత్తే ఆయన రాత్రికి పడుకోడు. ఏటి జరిగినాదో ఆఫీసుకి కాయితం రాయి. అది సాలు."

రాశాను. నా తప్పులన్నీ వరసగా రాసి, పాత విచారణ వాక్యం కొట్టేయమని, ఇద్దరి అర్జీలూ మళ్లీ తీసుకోమని అడిగాను. నన్ను ఆ పనిలోంచి తప్పించారు. అది న్యాయమే. వాళ్ల అర్జీ మాత్రం కదల్లేదు. ఎప్పుడు అడిగినా ఫైలు పైన ఉంది అంటున్నారు. ఆమె మందులు మింగుతూ అతన్ని ఎత్తి తిప్పుతూనే ఉందని, మళ్లీ ఎక్కడో పేగులు కడిగే పనికి పోతోందని విన్నాను. ఇంటికి రావద్దంది కాబట్టి గ్లవ్స్ పెట్టె ఒకటి కొని ఆ వీధిలో ఉండే వాళ్ల చేత పంపించాను. తీసుకుందో లేదో వాళ్లు చెప్పలేదు.