మిరపకాయలు పాడిన పాట కోసం దర్శి దాకా

మా పెద్దమ్మ రాహేలమ్మ నాతో మాట్లాడటం మానేసి రెండు నెలలు దాటింది. కారణం ఒక పాట, ఆ పాటకు మా మరిది తీసిన వీడియో. పాట పెద్దమ్మది. దర్శి దగ్గర పల్లెలో, మిరపకాయలు ఎండబెట్టిన కల్లంలో కూర్చుని, రంగు పోయి తెల్లబడిన తాలు కాయలను ఏరేస్తూ ఆడవాళ్ళు పాడుకునేది. ఆ పాటలో తాలు కాయ, తనను ఏరేసిన చేతిని అడుగుతుంది: "చెట్టు ఒకటే గదే, ఎండ ఒకటే గదే, నన్నెందుకు ఏరేస్తివే చెయ్యీ?" పెళ్ళికి ముందు నాలుగేళ్ళు పెద్దమ్మ పక్కన కూర్చుని పనిచేస్తూ నేర్చుకున్నాను. మంగళగిరిలో పెళ్ళి వీడియోలు తీసే మా మరిది, ఒకరోజు నల్లపాడులో మా వంటింట్లో నేను పాడుకుంటుంటే విని, రికార్డు చేద్దామన్నాడు. ముఖం చూపించనంటేనే పాడతానన్నాను.

ముఖం లేకుండా పాటను ఎలా చూపించాలని అతను వారం రోజులు ఆలోచించాడు. చివరికి మిరపకాయలకు పెన్నుతో కళ్ళూ నోళ్ళూ గీశాడు. ఒక చేటను బస్సు చేశాడు. ఎర్రకాయలు అందులో వరసగా కూర్చుని పాడతాయి. చరణం అయిపోగానే పైనుంచి పెద్ద చెయ్యి దిగి, తాలు కాయను ఎత్తి బయట పడేస్తుంది. అది మళ్ళీ ఎక్కుతుంది. ఒకసారి చీర కొంగు ముడిలో దాక్కుని, ఒకసారి చెప్పులో కూర్చుని, ఒకసారి చీమల వీపుల మీద. వెనక మా నల్లపాడు దగ్గరి కల్లంలో ఆడవాళ్ళు మూతులకు గుడ్డలు కట్టుకుని పని చేసుకుంటుంటారు. డప్పు దెబ్బ పడినప్పుడల్లా ఒకామె తుమ్ముతుంది, చేట బస్సు ఎగిరి పడుతుంది. పాట ఒక్కటే వింటే ఆ కాయ మీద జాలి వేస్తుంది. వీడియోతో కలిపి చూస్తే దాని మొండితనం కూడా తెలుస్తుంది. నాకు అది నచ్చింది.

పెద్దమ్మది బటన్ ఫోను. ఆమె వీడియో చూడలేదు, ఊళ్ళో ఎవరో ఒకామె చూసి చెప్పింది. "మా మూతులు కట్టేసి మిరపకాయలకు నోరిచ్చారంట గదా. నువ్వు దగ్గరుండి చేయించావంట" అని ఫోన్ పెట్టేసింది. మళ్ళీ ఎత్తలేదు. అందుకని ఫిబ్రవరి చివర్లో, మా ఆయనకు సెలవు దొరక్కపోయినా, వీడియో ఫోన్‌లోకి దింపుకుని నేనొక్కదాన్నే బయలుదేరాను.

ఉదయం ఆరింటికి నల్లపాడులో ఆటో ఎక్కితే ఇరవై నిమిషాల్లో గుంటూరు బస్టాండు. ఆరున్నరకు దర్శి బస్సు దొరికింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు సున్నా టికెట్ ఇస్తారు. కండక్టరు నన్ను చూసి, "కిటికీ పక్కన కూర్చోవద్దమ్మా, పేట దాటాక కల్లాల గాలి కొడుతుంది" అన్నాడు. అన్నట్టే చిలకలూరిపేట దాటిన కాసేపటికి బస్సంతా దగ్గు మొదలైంది. రోడ్డుకు ఒకవైపు చివరి తీత అయిన పత్తి చేలు, ఒకవైపు ఎర్రగా పరిచిన కాయలు. అద్దంకిలో పావుగంట ఆపారు. ఇడ్లీ నలభై రూపాయలు. బండి దగ్గరామె కారప్పొడి వెయ్యబోతే వద్దన్నాను.

"ఏ ఊరమ్మా మీది?"

"గుంటూరండి."

"గుంటూరోళ్ళు కారం వద్దన్నాక ఇంక మేమెందుకు బతకటం!" అని పక్కనున్నవాళ్ళందరికీ వినపడేలా నవ్వింది.

దర్శిలో దిగేసరికి పదిన్నర దాటింది. అక్కడినుంచి ఊరికి షేర్ ఆటో ముప్పై రూపాయలు. రాహేలమ్మ గారు పనిచేసే కల్లం దగ్గర దింపమని అడిగాను.

"ఆమె ఈ మధ్య పాడటంలా," అన్నాడు డ్రైవరు. "మా ఆవిడ కూడా ఆ కల్లంలోనే. పాట లేకపోతే మధ్యానానికే నడుం పట్టేస్తందని ఇంటికొచ్చి నా మీద పడుద్ది."

నాతో మాట్లాడటం ఒక్కటే మానేసిందనుకున్నాను. పాడటం కూడా మానేసిందని అప్పుడే తెలిసింది.

కల్లంలో పదిమంది దాకా ఉన్నారు. అందరూ మూతులకు గుడ్డలు కట్టుకుని వంగి ఏరుతున్నారు. పెద్దమ్మ తల ఎత్తలేదు. పలకరిద్దామని నోరు తెరిచాను, దగ్గు వచ్చింది. మాట రాలేదు, కళ్ళ నీళ్ళు వచ్చాయి. నా ఒళ్ళో ఒక గుడ్డ వచ్చి పడింది.

"కట్టుకో. పెళ్ళయి రెండేళ్ళు కాలేదు, కల్లానికి ఎట్టా రావాలో కూడా మర్చిపోయింది మహాతల్లి."

గుడ్డ కట్టుకుని, టార్పాలిన్ నీడలో ఆమె పక్కన కూర్చుని ఫోన్ ముందు పెట్టాను. మిగతావాళ్ళు కూడా చుట్టూ చేరారు. తాలు కాయ చీమల మీద వస్తుంటే ఎవరో నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు. అయిపోయాక, "మళ్ళీ పెట్టు" అంది. రెండోసారి ఫోను కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసింది.

"మూతులు కట్టేశారని నాకు చెప్పింది గానీ, అవి మేం కట్టుకున్నయ్యేనని చెప్పలేదు ఆ మహాతల్లి," అంది. "గుడ్డ కింద పాడితే ఎవురు పాడేదీ కనపడదు. పని ఆగుద్దని తిట్టటానికి మేస్త్రి ఎన్నేళ్ళనుంచో వెతుకుతున్నాడు, నోరు దొరకదు. మరి కాయలు పాడతన్నయ్యని గాక వాడేమనుకోవాలి?"

అందరూ నవ్వారు. ఆమె నా వైపు తిరిగింది.

"ఆ చెయ్యి ఎవరిదే?"

"నాదే పెద్దమ్మా."

"అదే అనుకున్నా. రెండు వేళ్ళతో పట్టుకుంటే కాయ విరిగి గింజ రాలిపోద్ది. నేను చెప్పింది మూడు వేళ్ళు గదటే? పాటంతా బాగానే ఉంది, చెయ్యే తప్పు."

మళ్ళీ కాయల మీదకు వంగింది. నేనూ కూర్చుని ఏరాను, మూడు వేళ్ళతో. పన్నెండు దాటాక ఎక్కడినుంచో సన్నగా పాట మొదలైంది. ఎవరి మూతీ కనపడదు. చరణం ఆగినచోట పెద్దమ్మ వేళ్ళు ఆగాయి. మిగతావాళ్ళు అందుకున్నారు. మూడింటికి ఆటో ఎక్కుతుంటే ఆమె వెనకనుంచి కేకేసింది. "ఈసారి తీసేటప్పుడు నా చెయ్యి పెట్టమని చెప్పవే మీ మరిదికి!"

ముఖం చూపించనన్నది నా సిగ్గు వల్లనే. మా మరిది చేసిన చమత్కారం కూడా దాన్ని దాటడానికే అనుకున్నాను. కానీ ఆ పాట మొదటినుంచీ ముఖం లేకుండానే బతికింది. అతను ఆ కల్లంలో ఒక్కరోజు కూడా కూర్చోకుండానే, ఆట కోసం గీసిన బొమ్మలతో, పాడే నోరు ఎవరికీ కనపడదన్న, పాటలో మాటల్లోకి రాని సంగతి చూపించాడు. తిరుగు బస్సులో వీడియో మళ్ళీ చూశాను. చెయ్యి నిజంగానే తప్పుగా ఉంది.

మిరప కల్లాలు చూడటానికి వెళ్ళేవాళ్ళు మెత్తని నూలు గుడ్డ తీసుకెళ్ళి, ఆటో దిగకముందే రెండు మడతలు వేసి ముక్కూ నోరూ కట్టుకోండి. పాట వినపడితే ఎవరు పాడుతున్నారని మాత్రం అడగకండి. మేస్త్రి అక్కడే ఉంటాడు.