పాట పైన ఆమె పేరు

గల్ఫ్ దేశంలో, వక్రాలోని కూతురి ఇంటికి వచ్చి స్థిరపడ్డాక కూడా నా పద్ధతి మారలేదు. లేవగానే డైరీ, ఆ తర్వాత నా పుస్తకం రెండో ముద్రణకు దిద్దుబాట్లు. మధ్యయుగాల్లో దక్షిణ ఫ్రాన్సు వాళ్లు ఆక్సిటన్ భాషలో పాడుకున్న ఒక ప్రేమగీతం మీద ముప్పై ఏళ్లు పనిచేశాను. చేతిరాత ప్రతిలో ఆ పాట పైన ఒక స్త్రీ పేరుంది. పాటను ఆ ప్రతిలోకి ఎత్తి రాసిన లేఖకుడే ఆ పేరూ రాశాడని, కనుక పాట ఆమెదేనని నా వాదం. నా డాక్టరేటు, పుస్తకం, ప్రొఫెసర్ పదవి అన్నీ దాని మీదే నిలబడ్డాయి. నేను చదివింది మాత్రం మైక్రోఫిల్ము నుంచి తీయించుకున్న నలుపు తెలుపు కాగితాలు.

ఈమధ్య ఆ ప్రతిని రంగుల్లో ఇంటర్నెట్‌లో పెట్టారు. పుస్తకం అట్టకు ఆ పుట బొమ్మ కావాలని మెట్రో ఎక్కి ముషైరిబ్ వెళ్లాను. అక్కడ వీసా కాగితాలు చేసిపెట్టే టైపింగ్ సెంటర్ నడిపే నిజామాబాద్ మిత్రుడు బొమ్మను తెరమీద పెద్దది చేసి నవ్వాడు.

"క్యా సాబ్, గీ పేరు ఎవడో ఎన్కసిరి ఎక్కించిండు. పాటేమో గోధుమరంగు, పేరేమో నల్లగ. గిసొంటి కాయిదం నా కౌంటర్ కాడికి తెస్తే 'మాఫీ, యల్లా', నడ్వదు పో అని ఎల్లగొడ్త."

"పాతబడితే సిరా రంగు మారుతుందండీ."

"రాత సుత మారుతదా? అసలు కాయిదం మీరు సూడనే లేదా సాబ్?"

ఇంటికొచ్చి పాత డైరీలు తీశాను. పారిస్‌లో ఆ ప్రతి ఉన్న గ్రంథాలయంలో నాకు దొరికింది జీవితంలో ఒక్కరోజు. ఆ రోజు వేరే ప్రతులు తెప్పించుకున్నాను. దీని గురించి, "నాకు కంఠస్థమే. చూడడం కాలయాపన" అని నా చేత్తోనే రాసుకున్నాను.

నా దగ్గర పరిశోధన చేసి ఇప్పుడు పాఠాలు చెబుతున్న విద్యార్థిని ఒకామె ఉంది. తప్పు ఒప్పుకుంటూ ఆమెకు పెద్ద ఉత్తరం పంపాను. జవాబు మరునాడే వచ్చింది.

"అసలు ప్రతిని పదేళ్ల కిందటే చూశాను సార్. పేరు వేరే చేతిరాతని మీకు తెలిసే ఉంటుందనుకున్నాను. అందుకే నా పుస్తకంలో మీ వాదం జోలికి పోలేదు."

నా వాదం తప్పని ఆమె ఒక్క వాక్యం రాసినా బాగుండేది. ఖండించడానికి కూడా అది ఎవరికీ అవసరపడలేదు.

రెండో ముద్రణ వద్దని ప్రచురణకర్తకు రాశాను. కారణం అడుగుతాడని నాలుగు పేజీల వివరణ సిద్ధం చేసుకున్నాను. ఆయన సరేనన్నాడు, అంతే.