వీపున మోసే గాలి

డెబ్బైల్లో ఒక ఎండాకాలం, బెజవాడ నుంచి పామర్రు వెళ్లే బస్సులో నా పక్కన ఒకావిడ తన కూతుర్ని ఒళ్లో పడుకోబెట్టుకుని కూర్చుంది. పిల్ల ఊపిరి తీసినప్పుడల్లా పిల్లికూతలు వినిపిస్తున్నాయి. మా అమ్మాయి కోసం వన్ టౌన్‌లో కొన్న చంద్రయాత్ర బొమ్మల పుస్తకాన్ని నేను తిరగేస్తున్నాను.

ఆవిడ వ్యోమగామి బొమ్మ మీద వేలు పెట్టింది. "పాపం, ఈయనకీ ఆయాసమేనాండీ? గొట్టం పెట్టారు!"

"ఆయాసం కాదండీ. చంద్రుడి మీద గాలి ఉండదు. ఇక్కణ్ణుంచే వీపున కట్టుకుని పోతారు," అన్నాను, నాకు తెలుసుగా అన్న హుషారుతో.

ఆవిడ బొమ్మలోని గొట్టాన్ని వేలితో తడిమింది. "పెద్దాసుపత్రిలో దీనికీ పెట్టారండీ. పెట్టినంతసేపూ హాయిగా నిద్రపోయింది. ఇంక లాభం లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. గొట్టం అక్కడే ఉండిపోయింది."

నేను కిటికీ పూర్తిగా తెరిచాను.

పామర్రులో ఆవిడ దిగబోతుంటే, పిల్లకిమ్మని పుస్తకం చేతిలో పెట్టాను. ఆవిడ అట్ట మీది దుమ్మును పైటకొంగుతో తుడిచి, నాకే తిరిగిచ్చింది.

"వద్దండీ. చదువుకునే పిల్లకివ్వండి."

మా అమ్మాయికే ఇచ్చాను. చదివి వినిపించేటప్పుడు మాత్రం, ఆ బొమ్మ దగ్గర రెండు పేజీలు కలిపి తిప్పేసేదాన్ని.