పేలిక కట్టిన సొరకాయ

మా మరిది ముత్తెన్నకు వరి, చెరకు తప్ప మరొకటి తెలియదు. బాన్సువాడలో బీర్కూర్ రోడ్డు పక్కన మా రెండిళ్లకూ కలిపి ఒకటే పెరడు. అందులో కూరగాయలన్నీ అతని భార్య సాయవ్వ పెంచినవే. ఆమె బతికుండగా ఈయన ఒక్క చెంబెడు నీళ్లు పోసిన పాపాన పోలేదు. మాఘమాసంలో సాయవ్వ గుండె ఆగి చనిపోయింది. దినాలు అయిన మర్నాటి నుంచి పొలం మానేసి పెరట్లోనే కూర్చోవడం మొదలుపెట్టాడు.

ఫాల్గుణం వచ్చేసరికి వంగ పూసింది, టమాటా ఎర్రబడింది. "ఈడ కూసుంటేనే జర పాణం నిమ్మళమైతది వదినె," అనేవాడు. సరే, కూర్చోనీ అనుకున్నాను.

పందిరి మీద ఒక పెద్ద సొరకాయ ఉండేది. విత్తనానికని సాయవ్వ తన పాత చీర చింపి దానికి పేలిక కట్టింది. పేలిక కట్టిన కాయ జోలికి ఎవరూ పోరు. తీగ ఎండిపోయి, కాయ చెక్కలా గట్టిపడ్డాకే కోస్తారు. ఈ మహానుభావుడేమో వరిమడికి పెట్టినట్టు రెండు పూటలా ఆ తీగ మొదట్లో నీళ్లు నిలబెడుతున్నాడు.

"ఇత్తనపు కాయకు నీళ్లు బంద్ వెట్టాలె ముత్తెన్నా. లోపల మురుగుతది. గీమాత్రం తెల్వదా?" అని గట్టిగానే తిట్టాను.

"బంద్ వెడితే తీగ సస్తది గద వదినె. ఇంట్ల ఒక్క సావు సాలదా?"

మర్నాడు పొద్దున్నే మళ్లీ నీళ్లు పెట్టాడు.

ఉగాది ముందురోజు కాయ తొడిమ దగ్గర మెత్తబడి రాలింది. కోస్తే లోపలంతా నల్లటి నీరు, కంపు. అందులోంచే గింజలు ఏరి గిన్నెడు నీళ్లలో వేశాడు. ఒక్కటీ మునగలేదు. అన్నీ తాలే. ఒక్కో గింజనూ వేలితో కిందికి నొక్కి చూశాడు, మళ్లీ పైకే వచ్చాయి.

"పోయినేడు నీకు గిన్ని గింజలిచ్చింది గద వదినె. ఉన్నయా?"

ఇచ్చింది. కాగితంలో చుట్టి మరీ నా చేతిలో పెట్టింది. అంగట్లో సొరకాయలు దొరకవా అనుకుని అటక మీద పడేశాను, ఎలుకలు తినేశాయి. అతన్ని తిట్టే నోరు నాకెక్కడిది?

"లెవ్వు," అన్నాను.

అతను ఏడవలేదు. "ఇగ ఆమెది ఏం మిగల్లే," అని, పైపు లాక్కుంటూ ఆ తీగ దగ్గరికే పోయాడు. ఆకులు అప్పటికే పసుపెక్కాయి. నెలరోజులుగా వద్దని మొత్తుకున్న నేనే వెళ్లి మోటారు వేశాను.