మల్సున్ కొన్న గుమ్మడికాయల కల

మల్సున్ కూతురు యోన్‌హీకి రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి కడుపుతో పుట్టింటికొచ్చి కూర్చుంది. వాళ్ళుండే జేజు దీవిలో కడుపుతో ఉన్న పిల్ల కోసం ఇంట్లో ఎవరో ఒకరికి మంచి కల రావాలి. వస్తే బిడ్డ నిలిచినట్టే. అందుకని యోన్‌హీ పొద్దున లేస్తే ఒకటే ప్రశ్న.

"అమ్మా, ఏమైనా కనిపించిందా?"

"ముసలిదాన్ని, నాకు మొద్దునిద్ర తప్ప ఇంకేముందే!"

పచ్చి అబద్ధం. మల్సున్‌కు కల వస్తూనే ఉంది. నల్లరాళ్ళ పక్కన నీళ్ళు చీల్చుకుని ఒక చెయ్యి పైకొస్తుంది. ఆమె తల్లి చెయ్యి. సముద్రంలో మునిగి ఆల్చిప్పలు తెచ్చే ఆ తల్లి, ఒకనాడు ఒడ్డున కూర్చున్న చిన్న మల్సున్ చేతిలో ఒకటి పెట్టి, "ఇంకొక్కటి" అంటూ మళ్ళీ మునిగింది. ఇక తేలలేదు. తర్వాత మల్సున్ కూడా అదే సముద్రంలో మునిగే పనితోనే బతికింది, కూతుర్ని పెంచింది. కానీ కలలో ఆ చెయ్యి కనబడితే మాత్రం లేచి కూర్చునేది. చచ్చినవాళ్ళు కడుపుతో ఉన్న పిల్ల ఇంటికి బిడ్డను తీసుకుపోవడానికి కాక మరెందుకొస్తారు?

చివరికి పక్కింటి కాన్నన్ దగ్గర ఒక కల కొనేసింది. అక్కడ అది మామూలే. వెల ముట్టాక కల కొన్నవాళ్ళదే. వెల, ఒక పట్టు రుమాలు.

"దొడ్డినిండా పండిన గుమ్మడికాయలక్కా! ఒకటి ఒళ్ళోకి ఎత్తుకున్నాను. ఇక నీదే," అంది కాన్నన్ రుమాలు మెడకు చుట్టుకుంటూ. "బాగాలేదని వాపసు తెచ్చావంటే ఒప్పుకోను సుమా!"

ఆ కల తనదేనని చెబితే యోన్‌హీ పకపకా నవ్వింది.

"నువ్వా, గుమ్మడికాయలా? పుట్టి బుద్ధెరిగి ఒక్క విత్తు నాటావా అమ్మా? కుండలో ఉంటేనే గరిటెలోకొస్తుంది. ఇది కాన్నన్ పిన్ని దొడ్డి." నవ్వుతూనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నీకేదో చెడ్డకల వచ్చింది. అందుకే దాస్తున్నావు."

మల్సున్ ఇక దాచలేక ఆ చెయ్యి సంగతి చెప్పేసింది.

"అమ్మమ్మ ఏమైనా ఇచ్చిందా, తీసుకుందా?" అని అడిగింది కూతురు.

"చెయ్యి కనబడగానే లేచిపోతానే. చివర నాకు తెలిసిందే కదా, మళ్ళీ మునిగిపోతుంది. అది ఇంకోసారి చూడమంటావా?"

జ్ఞాపకం కలకు సరుకులిస్తుంది, నిజమే. వంట మాత్రం దాని చేతిలో లేదు. ఆ సంగతి మల్సున్‌కు తెలియదు, పాపం.

"ఈసారి లేవకు. నేను పక్కనే ఉంటాను," అంది యోన్‌హీ.

మధ్యాహ్నం మల్సున్ వెచ్చటి నేలమీద కూతురి చెయ్యి పట్టుకుని పడుకుంది. కునుకు పట్టింది. తల్లి చెయ్యి నీళ్ళలోంచి పైకొచ్చింది. లేవబోయింది, కూతురి పట్టు బిగిసింది, ఉండిపోయింది.

సముద్రంలో మునిగేవాళ్ళు నీళ్ళమీదికి తేలినప్పుడు వేసే ఈలలాంటి పొడుగు ఊపిరితో మేలుకుంది.

"ఇచ్చిందే," అంది. "పెద్ద ఆల్చిప్ప. యోన్‌హీకివ్వు అంది."

"తర్వాత?"

మల్సున్ ముఖమంతా తడిసిపోయింది.

"ఇంకొక్కటి తెస్తానంది. వద్దమ్మా, ఇది చాలు, కూర్చో అన్నాను. కూర్చుందే."