ఆయుధ పూజ తర్వాత పేర్లు మరిచిపోయిన సర్వర్

2022. దసరా అయిన మరుసటి రోజు పొద్దున్నే జమ్మలమడుగు నుంచి ఫోన్ వచ్చింది. ప్రొద్దుటూరులో నాది చిన్న సర్వీసు షాపు. ఆఫీసులకు నెట్‌వర్క్ వేయడం, సర్వర్లు చూసుకోవడం నా పని. పండగ జనం ఇంకా ఊళ్లోనే ఉన్నారు. వాళ్ల మధ్య బండి నడిపి ఊరు దాటేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఫోన్ చేసింది శివారెడ్డి. పెద్దముడియం వైపు భూములున్న మనిషి, జమ్మలమడుగులో రక్తపరీక్షల ల్యాబ్ నడుపుతున్నాడు. చుట్టుపక్కల ఆసుపత్రులకు ఆయన సర్వర్ నుంచే రిపోర్టులు వెళతాయి.

"పొద్దున్నుంచి ఒక్క రిపోర్టు పోలేదప్పా. డాక్టర్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తాండారు. యాడున్నా బిన్నే, ఉన్నపళంగా రా."

నేను వెళ్లేసరికి తలుపు దగ్గర సుగుణమ్మ భుజానికి సంచి తగిలించుకుని నిలబడి ఉంది. ఎనిమిదేళ్లుగా ఆ ల్యాబ్‌లో శాంపిల్స్, రిజిస్టర్లు, తాళాలు అన్నీ ఆమె చేతి మీదే నడుస్తాయి. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే మనిషి. శివారెడ్డి ఆమె వైపు వేలు చూపించాడు.

"ఇదంతా ఈయమ్మ చేసిన పనే. పూజ నాడు సర్వర్ ఆపేసింది. ఈమెకు మన పూజలంటే గిట్టదు. అందుకే ఏందో చేసింది."

"తడిగుడ్డతో తుడవాలంటే ఆపాల గదా సార్," అంది సుగుణమ్మ.

ఆయుధ పూజ నాడు మిషన్లన్నీ తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోయడం మా వైపు అలవాటే. ఆ ల్యాబ్‌లో సర్వర్‌కు కూడా బొట్టు పెడతారు, కానీ ఎప్పుడూ ఆపలేదు, నడుస్తుండగానే పెట్టేవారు. ఇన్వర్టర్ పుణ్యమా అని కరెంటు పోయినా అది ఆగేది కాదు. ఈసారి సుగుణమ్మ దాన్ని పద్ధతిగా షట్‌డౌన్ చేసి, దుమ్మంతా తుడిచింది. పూజయ్యాక శివారెడ్డే ఆన్ చేశాడు. లైట్లు వెలిగాయి కదా అని తాళం వేసుకుని వెళ్లారు. సెలవు తర్వాత ఈ రోజు తెరిస్తే ఈ గోల.

నేను కుర్చీలో కూర్చుంటూనే, "ఏ వైరన్నా పీకినావా మా?" అని అడిగాను.

"ఏ వైరూ ముట్టుకోలేదన్నా. ఆపినా, తుడిచినా, అంతే."

నేను నమ్మలేదు. ఆ మాట చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ముందు పింగ్ చేశాను. అంటే అవతలి మిషన్‌ను పిలిచి, పలుకుతుందో లేదో చూడడం. ఐపీ అడ్రస్‌తో, అంటే అంకెల చిరునామాతో పిలిస్తే టక్కున పలికింది. అదే మిషన్‌ను పేరుతో పిలిస్తే ఉలుకూ లేదు, పలుకూ లేదు. దీన్నిబట్టి వైర్లు బాగానే ఉన్నాయి, తప్పు నేమ్ సర్వర్ దగ్గర ఉంది. కొత్త ఊళ్లో దిగి, ఫలానా వాళ్ల ఇల్లెక్కడ అని బస్టాండు దగ్గర టీ కొట్టతన్ని అడుగుతాం కదా, సర్వర్‌కు ఆ టీ కొట్టతనే నేమ్ సర్వర్. పేరు చెబితే అంకెలు చెబుతాడు.

ఇది ఎవరిని అడుగుతోందా అని చూస్తే, పాత రౌటర్‌ను. రెండేళ్ల కిందట నెట్ కనెక్షన్ మార్చినప్పుడే దాన్ని తీసి అవతల పారేశాం. మూతపడ్డ కొట్టు ముందు నిలబడి దారి అడుగుతోంది నా సర్వర్! మరి ఈ రెండేళ్లూ ఎలా నడిచింది? ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గరే ఉంది. ఎందుకంటే ఆ రోజు కనెక్షన్ మార్చింది నేనే.

నేమ్ సర్వర్ చిరునామా ఆ ల్యాబ్ సర్వర్‌లో రెండు ఫైళ్లలో ఉంటుంది. ఒకటి శాశ్వతమైన సెట్టింగ్. రెండోది మిషన్ లేచినప్పుడల్లా మొదటిదాన్ని చూసి తనే కొత్తగా రాసుకునేది. 'దీన్ని చేత్తో మార్చవద్దు' అని దాని నెత్తినే ఇంగ్లీషులో రాసి ఉంటుంది. ఆ రోజు పులివెందుల బస్సు తప్పిపోతుందన్న తొందరలో నేను ఆ రెండోదాన్నే చేత్తో మార్చాను. పని చేసింది. లేచి వెళ్లిపోయాను. మిషన్ ఆగలేదు కాబట్టి నా తప్పు బయటపడలేదు.

ఈసారి మార్చాల్సిన చోటే మార్చాను. రెండు నిమిషాల పని. రిపోర్టులు వరసగా కదిలాయి.

"అబ్బ! కూర్చున్నెంబడే పట్టేసినాడు సూడు," అన్నాడు శివారెడ్డి. "పులివెందులలో కొత్త బ్రాంచి తెరుస్తాండా. ఆడ పనంతా నీదే అప్పా. ఈయమ్మను ఈ పొద్దే పంపిచ్చేస్తా."

ఏదో అప్‌డేట్ వల్ల ఇలా అయిందంటే ఆయన నమ్మేవాడు. ఆమె ఉద్యోగమూ నిలిచేది, నా పరువూ నిలిచేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

అంతలో సుగుణమ్మ అల్మారాలోంచి సర్వీసు రిజిస్టర్ తెచ్చి నా ముందు పెట్టింది. నేను వచ్చినప్పుడల్లా చేసిన పని అందులో రాయించుకోవడం ఆమె అలవాటు. ఉద్యోగం పోతున్న రోజున కూడా ఆ అలవాటు మానలేదు.

నేను పేజీలు వెనక్కి తిప్పాను. నా దస్తూరీలోనే ఉంది. పైకి చదివాను: "నేమ్ సర్వర్ మార్చాను. తాత్కాలికం. మళ్లీ వచ్చి సరిచేయాలి." కింద నా సంతకం.

"అంటే ఏంది?" అన్నాడు శివారెడ్డి.

"తప్పు నాది రెడ్డన్నా. మళ్లీ రాలేదు నేను. ఆయమ్మ ఆపకపోయినా, ఏదో ఒక రోజు ఆగినప్పుడు ఇట్లే అయ్యేది. ఆమె చేసిందే సరైన పద్ధతి."

ఆయన రిజిస్టర్ తన వైపు తిప్పుకుని ఆ పేజీ చదివాడు. "అయితే రెండేండ్లు నీ తప్పుకు బొట్లు పెట్టి దండం పెట్టుకున్యామా?" అన్నాడు. ఆ తర్వాత ఆమె వైపు చూడకుండానే, "శాంపిల్స్ సూడు పో, సుగుణమ్మా," అన్నాడు.

ఆమె కదల్లేదు.

"ఇప్పుడు చేసింది మాత్రం నిలుస్తాదని యాడుంది నమ్మకం? ఇంకోసారి ఆపి, మళ్లా ఆన్ చెయ్యన్నా. నేనుండంగానే. సార్ గూడా సూడనీ."

చెంప మీద కొట్టినట్టయింది. నిజమే, ఈసారి కూడా నేను ఆపి చూడకుండానే లేవబోయాను.

పులివెందుల బ్రాంచి పని వేరేవాళ్లకు పోయింది. శివారెడ్డి మీద నాకేమీ కోపం లేదు. అప్పటినుంచి ఎక్కడ పని చేసినా, ఆ మిషన్‌తో రోజూ పని చేసేవాళ్లను పక్కన నిలబెట్టి, ఆపి, మళ్లీ ఆన్ చేసి చూపించాకే లేస్తున్నాను. "బాగనే పని చేస్తాంది గదా మామా, ఇంగ ఎందుకు?" అని విసుక్కుంటారు. నడుస్తున్నంతసేపూ ఎవరి పనైనా బాగానే కనబడుతుంది. ఆపి, మళ్లీ లేపితేనే అసలు సంగతి తెలుస్తుంది. ఆ పొద్దు సర్వర్ తిరిగి లేచి, మొదటి రిపోర్టు వెళ్లాకే సుగుణమ్మ భుజం మీది సంచి తీసి మేకుకు తగిలించింది.