రిజిస్టరులో లేని పద్మజ

కళ్యాణదుర్గంలో పద్మజ ఏం పని చేస్తుందో ఆమె ఇంటి ఓనరుకే సరిగ్గా తెలియదు. ఒకరోజు నర్సమ్మ అంటాడు, ఇంకోరోజు ఎక్సర్‌సైజు మేడమ్ అంటాడు. ఆమె ఆక్యుపేషనల్ థెరపిస్టు. పక్షవాతం వచ్చినవాళ్లకు, చేయి దెబ్బతిన్నవాళ్లకు మళ్లీ అన్నం కలుపుకోవడం, జడ వేసుకోవడం, కూలిపని చేసుకోవడం నేర్పుతుంది. ఆమె పనిచేసే ట్రస్టు చికిత్స కేంద్రంలో ఈ పని తెలిసింది ఆమె ఒక్కతే. మధ్యాహ్నం సామాన్ల గదిలో చక్రాల కుర్చీల మధ్య ఒంటరిగా క్యారియరు విప్పుకుంటుంది. "ఈరోజు ఒకామె గుండీ పెట్టుకుంది" అని చెబితే, అదెంత పెద్ద సంగతో తెలిసి సంతోషపడే మనిషి దగ్గర్లో లేడు. ఆ దిగులు ఆమెను లోపల్లోపలే తినేస్తోంది.

పైగా ఆమెకో పిచ్చి. రోగి తానే గెలిచాననుకోవాలట, మన చేయి కనబడకూడదట! అందుకే ఆమె రాసే రోగుల రిజిస్టరులో ఏ పేజీ తిప్పినా "తనంతట తానే చీర కట్టుకుంది", "తనంతట తానే తిన్నాడు" అన్న రాతలే. తానేం చేసిందో ఒక్క ముక్క లేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈ మహాతల్లికి చేసింది చెప్పుకోవడం కూడా నామోషీయే.

జూన్‌లో ట్రస్టు ఆఫీసు నుంచి గంగాధర్ వచ్చాడు. ఏ ఉద్యోగం ఉంచాలో, ఏది తీసేయాలో తేల్చేది ఆయనే. రిజిస్టరంతా తిరగేశాడు.

"అందురూ వాళ్లంతట వాళ్లే చేసుకుంటాండారు. మరి నువ్వేం చేస్తాండావమ్మా?"

పద్మజ వరండాలోంచి అక్కమ్మను పిలిపించింది. "అక్కమ్మను చూడండి సార్," అంది.

అక్కమ్మ విత్తనానికి శెనక్కాయలు ఒలిచే కూలి. పక్షవాతంతో కుడిచేయి పడిపోయింది. పళ్లెం జారకుండా కింద తడిగుడ్డ పరచడం, ఎడమచేత్తో కాయను రాయి కింద నొక్కి పగలగొట్టడం పద్మజ ఆమెకు పదకొండు నెలలు నేర్పింది. మొదట్లో అక్కమ్మ పళ్లెం విసిరికొట్టి ఏడ్చేది. "నేర్చుకునేది నువ్వే, నేను కాదు" అని పద్మజ రోజూ బతిమాలేది.

గంగాధర్ ఎదుట అక్కమ్మ దోసెడు కాయలు చకచకా ఒలిచేసింది.

"ఎవురు నేర్పినారమ్మా?"

"ఎవురు నేర్పుతారు సార్! నేనే నేర్చుకున్యా," అంది అక్కమ్మ తలెత్తి.

పద్మజకు భయం వేసింది. గర్వంగానూ ఉంది. నేను నేర్పలేదా అక్కమ్మా అని ఒక్క మాట అంటే చాలు, ఉద్యోగం నిలబడుతుంది. కానీ ఆ ఎత్తిన తల మళ్లీ దించడానికి ఆమెకు నోరు రాలేదు. అక్కమ్మ వరండాలోకి వెళ్లాక, "ఆమె నోట ఆ మాట రావాలనే ఇన్ని నెలలు కష్టపడినా సార్," అంది.

"యాడ రాసినావు?"

పద్మజ రిజిస్టరు మూసింది. నెలాఖరుకు గది తాళాలు అప్పజెప్పమని చెప్పి ఆయన లేచాడు.

వరండాలో అక్కమ్మ ఆమెకోసమే కాచుకుని ఉంది. ముఖం వెలిగిపోతోంది.

"బాగా చెప్పినానా తల్లీ?"

"బాగా చెప్పినావమ్మా," అంది పద్మజ. "ఇంకెవురడిగినా అట్లే చెప్పు."